రాలకుండా ఆపే సీసా, రాల్చేసే సీసా: ఒకే పత్తి చేలో రెండూ కొట్టి చూశా

నూట ముప్పై రూపాయల సీసా గురించి ఇంత పొడుగు రాస్తావా అని మా తమ్ముడు నవ్వుతున్నాడు. రాస్తా. మా వైపు, అంటే ఖమ్మం జిల్లా వైరా చుట్టుపక్కల, ఆగస్టు వచ్చిందంటే ప్రతి పత్తి రైతు సంచిలో ఈ సీసా ఉంటుంది. అందులో ఏముంది, అది ఏం చేస్తుంది, ఎప్పుడు చేయదు అని అడిగితే మాత్రం షాపు ఆయన చెప్పిన ఒక్క ముక్కే అందరూ అప్పజెబుతారు: "రాలకుండా ఆపుద్ది." గూడ (పత్తి పూమొగ్గ), పిందె రాలకుండా ఆపుతుందా అంటే, ఆపుతుంది, కొంత. డోసు తప్పితే అదే రాలుస్తుంది కూడా. రెండూ నా చేలోనే జరిగాయి కాబట్టి ఎవరి మీదా కోపం లేకుండా రాస్తున్నా. సరే, కొంచెం ఉంది.

మొదటి సీసా పేరు నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్ 4.5 శాతం. ఆ పేరు చెబితే షాపులో ఎవరికీ అర్థం కాదు, ప్లానోఫిక్స్ అనాలి. ఫోటోకాపీ అని ఎవరూ అనరు కదా, జిరాక్స్ అనే అంటారు, ఇదీ అంతే. నేను కొన్నది వేరే కంపెనీది, లోపలి సరుకు అదే. రెండో మందు మామూలుగా మన షాపుల్లో అడిగే సరుకు కాదు. పత్తి యంత్రంతో తీయడానికి ముందు ఆకు మొత్తం రాల్చేస్తారు కదా, దానికి వాడే థిడియాజురాన్, డైయురాన్ కలిసిన మందు. ఒక ఎకరంలో దగ్గర దగ్గరగా మొక్కలు పెట్టి డెమో వేయిస్తామని ఒక సంస్థ వాళ్లు వస్తే సరేనన్నా, వాళ్లే తెచ్చి కొట్టారు. అలా 2024 వానాకాలంలో ఒకే చేలో ఆగస్టులో ఆకు, గూడ రాలొద్దని ఒక మందు, నవంబర్‌లో ఆకు రాలాలని ఇంకో మందు కొట్టిన ఘనత నాది.

ముందు ఆగస్టు సంగతి. జూన్ మొదట్లో పెట్టిన పత్తి అరవై రోజులకి దగ్గరపడింది, గూడ బాగా వచ్చింది, అంతలో వారం రోజులు ముసురు పట్టింది. సాళ్ల మధ్య నడిస్తే కాళ్ల కింద గూడలే. కింది ఆకులు కూడా పసుపు తిరిగి రాలుతున్నాయి. టెన్షన్ పడి ఫెర్టిలైజర్ షాపుకి పోయా. ఆయన సీసా తీసి గల్లాపెట్టె మీద పెట్టి, "ట్యాంకుకి రెండు మూతలు కొట్టు బ్రదర్, ఆగిపోద్ది" అన్నాడు. మూత అంటే ఎంత అన్నా, మూతంటే మూతే అని రెండో కస్టమర్ వైపు తిరిగాడు. సీసా మీద చూద్దామంటే ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి, అవీ మడతపెట్టి అతికించిన కాగితం లోపల. తప్పు నాదే, ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చదవాల్సింది, చదవలేదు. రెండెకరాల్లో పదహారు లీటర్ల బ్యాటరీ పంపుతో ట్యాంకుకి రెండు మూతలు లెక్కన కొట్టేశా.

మూడో రోజు పొద్దున పోతే చేను చూసి నాకు నోట మాట రాలేదు. ఆకు ఎండలేదు, మాడలేదు, కాడలన్నీ కిందికి వంగి, పందిట్లో తిట్లు తిన్న పిల్లల్లా తల దించుకుని ఉన్నాయి. నీళ్లు లేక వాడితే ఆకు మెత్తబడుతుంది, ఇది మెత్తబడలేదు, గట్టిగానే ఉంది, కాడ మాత్రం కిందికి మెలి తిరిగింది. వారం తిరిగేసరికి కింది రెండు మూడు ఆకులు, బోలెడు గూడలు రాలాయి. పక్క చేను మామ గట్టు మీద నిలబడి "ఏం కొట్టినవ్ అల్లుడా, గడ్డి మందు కలిసిందా ట్యాంకులో?" అన్నాడు. ఆయన అన్నది ఊరికే పోలేదు, దాని సంగతి తర్వాత.

అప్పుడు కూర్చుని లెక్క వేశా. ఇంట్లో పశువులకి వాడే సిరంజి ఉంటే దాంతో మూత కొలిచా, 9 మి.లీ. రెండు మూతలంటే 18. సీసాలో 4.5 శాతం అంటే ఒక్క మి.లీ.కి 45 మిల్లీగ్రాముల మందు. 18 మి.లీ. పదహారు లీటర్లలో పోస్తే లీటరుకి 50 మిల్లీగ్రాములు, అంటే 50 పీపీఎం. పత్తికి చెప్పే మోతాదు ఎంతంటే 10 పీపీఎం. నాలుగున్నర లీటర్ల నీళ్లకి ఒక్క మి.లీ., అంతే. పదహారు లీటర్ల ట్యాంకుకి మూడున్నర మి.లీ. పడాల్సిన చోట నేను పద్దెనిమిది పోశా, ఐదింతలు. వంద మి.లీ. సీసా సరిగ్గా వాడితే 450 లీటర్ల నీళ్లకి వస్తుంది, అంటే ఎకరానికి రెండొందల లీటర్లు కొట్టినా రెండెకరాలు దాటుతుంది. షాపు లెక్కన కొడితే ఐదారు ట్యాంకులకే అయిపోతుంది. షాపు ఆయనకి ఆ లెక్క తెలిసి చెప్పాడో తెలియక చెప్పాడో నేను అడగలేదు.

ఎక్కువైతే ఎందుకు రాలుస్తుంది అన్నది నాకు ఆ తర్వాత కొన్ని రాత్రులు నిద్ర పట్టనీయలేదు. తెలిసింది తెలిసినట్టు చెబుతా. ఆకు కాడ కొమ్మకి అతుక్కునే చోట సన్నటి కణాల వరుస ఒకటి ఉంటుంది. గొలుసులో కొండీ అనుకోండి. మొక్క రాల్చాలనుకున్నప్పుడు కాడ ఎక్కడో మధ్యలో తెగదు, సరిగ్గా అక్కడే తెగుతుంది, రాలిన ఆకు కాడ చివర చూడండి, కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఆక్సిన్ అనే హార్మోను తయారు చేసి కాడ గుండా కిందికి పంపుతూ ఉంటుంది. "నేను బతికే ఉన్నా, పని చేస్తున్నా" అని రోజూ ఇంటికి ఫోన్ చేసినట్టు. ఆ ఫోన్ వస్తున్నంత కాలం కొండీ గట్టిగా ఉంటుంది. ఆకు ముసలిదైనా, నీడలో పడ్డా, పురుగు తిన్నా, ఫోన్ తగ్గిపోతుంది. అప్పుడు ఇథిలీన్ అనే ఇంకో హార్మోను, ఇది గాలిలో కలిసే వాయువు, కొండీ దగ్గరి కణాలకి పని చెబుతుంది. అవి కణాల మధ్య జిగురులా ఉండే పెక్టిన్ని, కణం గోడల్ని కరిగించే ఎంజైములు వదులుతాయి. ఆ తర్వాత గాలి చాలు, ఆకు బరువే చాలు. గూడ కాడకీ, పిందె కాడకీ ఇదే రకం కొండీ ఉంటుంది.

మనం కొట్టే సీసాలోది ఆక్సిన్ పని చేసే కృత్రిమ మందు. ఆకు చేయలేని ఫోన్ మనం చేస్తున్నాం అన్నమాట. కానీ ఒకే మనిషి రోజుకి యాభై సార్లు ఫోన్ చేస్తే ఇంట్లో వాళ్లు కంగారు పడరూ? ఆక్సిన్ మరీ ఎక్కువైతే మొక్క తనంతట తానే ఇథిలీన్ ఎక్కువ తయారు చేయడం మొదలుపెడుతుంది. కాడలు కిందికి మెలి తిరగడం ఇథిలీన్ చేసే పనే. యాపిల్ తోటల్లో పిందెలు మరీ ఎక్కువ పడితే పలచన చేయడానికి ఇదే మందు కొడతారని చదివి కాసేపు సీసా వైపు చూస్తూ కూర్చున్నా. ఒక చోట ఆపడానికి, ఇంకో చోట రాల్చడానికి, సీసా మాత్రం ఒకటే. ఇక పక్క చేను మామ గడ్డి మందు అన్నాడే, 2,4-డి, అదీ ఆక్సిన్ జాతిదే. పత్తికి దాని వాసన కూడా పడదు, పక్క పొలంలో కొట్టినా గాలికి వచ్చి పత్తి ఆకు బెండాకులా చీలికలు చీలికలుగా వస్తుంది. మామ చదువుకోలేదు గానీ జాతి మాత్రం కరెక్టుగా పట్టాడు.

నిజాయితీగా ఒక మాట. నా చేలో రాలినదంతా ఎక్కువ డోసు వల్లేనని ప్రమాణం చేయలేను, ముసురు ప్రభావం కూడా ఉంది. ఆ అనుమానం తీరక ఒక పరీక్ష చేశా. మీరూ చేయొచ్చు, పైసా ఖర్చు లేదు.

చేలో ఒకే వయసున్న, బాగున్న ఆకులు ముప్పై ఎంచుకున్నా. కత్తెరతో ఆకు పలక మొత్తం కత్తిరించి, కాడ మాత్రం కొమ్మకి వదిలేశా. అంటే ఫోన్ చేసే మనిషిని తీసేసి తీగ మాత్రం ఉంచినట్టు. పది కాడల చివర్లకి ఉత్త వ్యాసలీన్ పూశా. ఇంకో పదింటికి వ్యాసలీన్‌లో ఈ మందు అతి కొంచెం కలిపి వెంటనే పూశా. మిగతా పదింటికి అదే మందు, కానీ మూడు రోజులు ఆగి పూశా. రంగు రంగుల దారాలు కట్టా, మా అమ్మ చేతబడి అనుకుని భయపడింది, అది వేరే కథ. నాలుగో రోజు ఉత్త వ్యాసలీన్ కాడలు పసుపు తిరిగాయి, వేలితో అలా ముట్టుకుంటే చాలు, టప్పున ఊడాయి. ఆరో రోజుకి పదిలో తొమ్మిది కింద పడ్డాయి. మందు వెంటనే పూసినవి? పదో రోజు కూడా ఎనిమిది పచ్చగా కొమ్మని పట్టుకునే ఉన్నాయి. ఆకు లేదు, పని లేదు, ఒట్టి పుల్ల, అయినా వదల్లేదు! నాకు చేలో నిలబడి చప్పట్లు కొట్టాలనిపించింది. ఇక మూడు రోజులు ఆగి పూసినవి ఉన్నాయే, అవి అస్సలు ఆగలేదు, ఉత్తవాటికంటే ఒక పూట ముందే పడ్డట్టు అనిపించింది. ఇది నా చేతి తప్పేమో అనుకున్నా, కాదట, కొండీ దగ్గర కరగడం ఒకసారి మొదలయ్యాక ఆక్సిన్ ఇస్తే ఆపదు సరికదా తొందర పెడుతుందని ఎప్పుడో తేలిన విషయమే.

ఈ మందు కొనే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు. సాళ్లలో గూడ రాశులు పడ్డాక షాపుకి పరిగెత్తితే, ఆరోజు కొమ్మ మీద కదులుతున్న గూడని ఈ సీసా పట్టుకోలేదు. పట్టుకునేది ఇంకా కొండీ వదలని దాన్ని. పూత మొదలయ్యేటప్పుడు ఒకసారి, మళ్లీ రెండు మూడు వారాలకి ఒకసారి కొట్టాలి తప్ప, రాలుతుంటే కొడదాంలే అనుకుంటే డబ్బులు నేల మీద పోసినట్టే.

మిగతా రెండెకరాల్లో సిరంజితో కొలిచి, ట్యాంకుకి మూడున్నర మి.లీ. చొప్పున, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టా. ఆకు తల వంచలేదు. గూడ రాలడం తగ్గిందా అంటే తగ్గింది, కళ్లకి తెలిసేంత తగ్గింది, కానీ ఆగిపోలేదు. ఆగదు కూడా. పత్తి మొక్క తను వేసిన గూడలో, పిందెలో సగానికి పైగా మామూలుగానే వదిలేసుకుంటుంది, అన్నిటినీ సాకే శక్తి దానికి ఉండదు. ముసురులో ఎండ లేక తిండి తయారవకపోతే ఇంకా ఎక్కువ వదులుతుంది. పురుగు తొలిచిన గూడనైతే ఎలాగూ నిలుపుకోదు. గూడ చీల్చి చూడకుండా, లోపల పురుగు ఉందో లేదో తెలియకుండా ఈ మందు కొట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. నేనూ అలాంటివాడినే మొన్నటిదాకా.

తర్వాత సెప్టెంబర్ 1 వచ్చింది. ఖమ్మం వాళ్లకి ఆ తేదీ గుర్తు చేయక్కర్లేదు. మున్నేరు వరద ఖమ్మం టౌన్లోకి వచ్చిన రోజు. మా చేను ఏటి పక్కది కాదు కాబట్టి కొట్టుకుపోలేదు, కానీ నల్లరేగడిలో నీళ్లు రెండున్నర రోజులు నిలిచాయి. కాలవ తీసి వదిలేసరికి పల్లంలో మొక్కలు వేలాడిపోయాయి, ఆ తర్వాత నాలుగు రోజుల్లో ఆకులు, గూడలు కలిసి రాలాయి. మళ్లీ అందరూ షాపుకి, మళ్లీ అదే సీసా. ఈసారి నేను కొనలేదు. జరిగింది వేరే కాబట్టి. నీళ్లలో మునిగిన వేళ్లకి గాలి అందదు, అక్కడ ఇథిలీన్‌కి ముడిసరుకు లాంటి పదార్థం ఒకటి పేరుకుపోతుంది, అది రసంతో పాటు పైకి ఆకుల్లోకి వచ్చి, పైన గాలి తగలగానే ఇథిలీన్‌గా మారుతుంది. వేళ్ల కష్టం ఆకు మీద పడుతుంది. కాలవ తీయకుండా పైన ఆక్సిన్ కొట్టి ఏం లాభం?

దీనికి వేరే మందు ఉంది, రైతుల్లో చాలామందికి తెలియదు. ఎండలు కాసి కాసి ఒక్కసారి పెద్ద వాన పడి పత్తి నిలువునా వాలిపోతుందే, దానికి నాగ్‌పూర్ కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ వాళ్లు కోబాల్ట్ క్లోరైడ్ చెబుతారు, లీటరుకి 10 మిల్లీగ్రాములు, వాలడం మొదలైన ఒకటి రెండు రోజుల్లోపే కొట్టాలి. కోబాల్ట్ ఏం చేస్తుందంటే ఇందాక చెప్పిన ముడిసరుకు ఇథిలీన్‌గా మారే ఆఖరి మెట్టు దగ్గర అడ్డుపడుతుంది. మా ఊళ్లో దొరకలేదు, ఖమ్మంలో ల్యాబ్ సామాన్లు అమ్మే కొట్టులో దొరికింది, తెచ్చేసరికి మూడో రోజు దాటింది. కొట్టాను. పల్లంలో సగం లేచింది, సగం పోయింది. ఇది మందు తప్పు కాదు, నా ఆలస్యం. కొట్టేటప్పుడు చేతులకి గ్లౌజులు తప్పనిసరి, అది విషమే, చెంచాతో కొలిచే సరుకు కాదు, సన్న త్రాసు కావాలి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. అబ్సిసిక్ యాసిడ్ అని ఒక హార్మోను ఉంది, ఆ పేరు వచ్చిందే ఆకు, కాయ రాలడాన్ని శాస్త్రవేత్తలు పిలిచే మాట నుంచి. దాన్ని మొదట విడదీసింది కూడా మన పత్తి కాయల నుంచే, కాలిఫోర్నియాలో ఆడికాట్ అనే ఆయన బృందం, 1960ల మొదట్లో, లేత పత్తి కాయలు ఎందుకు రాలుతున్నాయో వెతుకుతూ. తీరా చూస్తే ఆకు రాలడంలో అసలు పెత్తనం ఇథిలీన్‌ది, దీనిది కరువులో ఆకు రంధ్రాలు మూయించడం లాంటి పనులు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మా ఊళ్లో ఒకాయన్ని చిన్నప్పుడెప్పుడో దొంగ అని పిలిచారని ముసలాయన అయ్యాక కూడా దొంగ ఫలానా అంటారే, అలా. ఇక ఇథిలీన్ సంగతైతే, ఐరోపాలో వీధి దీపాలకి గ్యాసు వాడే రోజుల్లో గొట్టాలు కారిన చోట చెట్లు ఆకు రాల్చేవట. ఆ గ్యాసులో ఇథిలీన్ ఉందని, మొక్కల్ని ఆడించేది అదేనని 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే ఆయన తేల్చాడు.

మిరప గురించి రెండు ముక్కలు. అర ఎకరం మిరపకి కూడా అదే సీసా అదే డోసులో కొట్టా, పూత కొంచెం నిలిచింది. తామర పురుగు పడిన చోట మాత్రం సున్నా. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటల్ని ఎలా తినేసిందో మర్చిపోలేదు కదా, పువ్వులో కూర్చుని రసం పీల్చే పురుగుకి హార్మోనుతో పనేముంది.

ఇప్పుడు నవంబర్. రాల్చే మందు. పత్తి అరవై శాతం పైన పగిలాక డెమో వాళ్లు వచ్చారు, డ్రోన్ తెచ్చారు, ఊరి పిల్లలంతా చేలోనే. ఎకరానికి పది లీటర్ల నీళ్లు, పది నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన కాయలు కూడా తొందరగా పగలాలని ఇథెఫాన్ కలిపారు. మామిడి వాళ్లకి ఇది తెలిసిన సరుకే, ఇథ్రెల్ అంటారు. సీసాలో పుల్లటి ద్రవంగా ఉన్నంతసేపు మామూలుగా ఉంటుంది, ఆకులోకి పోయాక అక్కడి రసంలో పులుపు తక్కువ కాబట్టి విడిపోయి ఇథిలీన్ వదులుతుంది. అందుకే ట్యాంకులో కలిపి రేపు కొడదాంలే అని పెడితే పనికిరాదు.

నేను ఆకులు ఎండిపోయి రాలతాయి అనుకున్నా. పొరపాటు. ఐదో రోజుకి ఆకు కొంచెం రంగు తగ్గింది, అంతే, వేలితో తట్టితే పచ్చటి ఆకే పడిపోతోంది. థిడియాజురాన్ చేసేది అదే, ఆకుని చంపదు, ఆకు నుంచి కాడలోకి వచ్చే ఆక్సిన్ ప్రవాహాన్ని కొట్టేసి ఇథిలీన్ పెంచుతుంది. అంటే నేను కత్తెరతో ముప్పై ఆకులకి చేసిన పనిని ఇది ఎకరం మొత్తానికి చేసింది! ఎనిమిదో రోజుకి పై ఆకంతా నేల మీద, మొక్కలు తెల్లటి కాయలతో పుల్లల్లా నిలబడ్డాయి, చూడ్డానికి భలే ఉంది, ఫోటోలు కూడా తీసుకున్నా. పత్తి తీయడానికి వచ్చిన ఆడవాళ్లలో పెద్దామె గట్టు దగ్గరే ఆగిపోయి "ఏంది బాబూ, మేకలు పడ్డయా చేలో?" అంది.

బాగున్నది చెప్పా, బాగోనిదీ చెబుతా. డ్రోన్ పది లీటర్లతో పై ఆకుని తడిపింది, కింది కొమ్మల ఆకులకి చుక్క అందలేదు. ఈ రకం మందు తగిలిన ఆకు మీదే పని చేస్తుంది, కాబట్టి కింద మూడో వంతు ఆకు అలాగే పచ్చగా ఉండిపోయింది. ఇంకోటి, చేను మూలన డ్రోన్ మలుపు తిరిగే చోట మందు రెండు మూడు సార్లు పడింది. అక్కడ ఎక్కువ మందుతో ఇంకా బాగా రాలి ఉండాలి కదా? రాలలేదు. అక్కడి ఆకులు రెండు రోజుల్లో వేయించిన అప్పడాల్లా ఎండిపోయి, కాడలతో సహా కొమ్మని కరుచుకుని నిలబడ్డాయి. ఇది చూశాకే నాకు మొత్తం కథ అర్థమైంది. ఆకు రాలడం అనేది చావు కాదు, పని. కొండీ దగ్గర కణాలు బతికి ఉండి, ఎంజైములు తయారు చేసి, కరిగించాలి. వాటిని ముందే కాల్చేస్తే పని చేసేవాడు లేడు, ఆకు వేలాడుతూనే ఉంటుంది. ఎండాకాలంలో కొట్టేసిన కొమ్మ మీద ఎండుటాకులు నెలల తరబడి ఊడవు, చూసే ఉంటారు.

ఆ ఎండిన మూల పత్తి తీసేటప్పుడు నరకం. ముట్టుకుంటే ఆకు పొడి పొడి అయి దూదిలో కలుస్తుంది, ఏరితే రాదు. కూలీ కిలోకి పదిహేను అడుగుతున్న రోజుల్లో ఆ చెత్త ఏరమని ఎవరికి చెప్పను? పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లది ఆ ఏడు పొడుగు పింజకి క్వింటాల్‌కి 7,521 రూపాయల మద్దతు ధర, తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే అసలు తీసుకోరు. ఆకు రాలిన చేలో గాలి ఆడి, మంచు త్వరగా ఆరి, తేమ విషయంలో మాత్రం నాకు కలిసొచ్చింది, ఈ ఎకరం పత్తి మిగతావాటికంటే ముందే ఆరింది. మూలన తీసిన మూడు బస్తాలు మాత్రం విడిగా పెట్టి, ప్రైవేటు వ్యాపారికి ఎంతకో అంతకి ఇచ్చేశా.

చలి సంగతి కూడా అడిగి కొట్టించుకోండి. ఈ మందుకి వెచ్చదనం కావాలి. మాకు కొట్టాక మూడు నాలుగు రోజులు రాత్రిళ్లు కొంచెం వెచ్చగానే ఉన్నాయి కాబట్టి సరిపోయింది, అదే డిసెంబర్ చలిలో అయితే ఇంత వేగంగా పని చేయదు. ఒక మెచ్చుకోలు: రాల్చాక చిగుర్లు పెద్దగా రాలేదు. లేత చిగురు వస్తే దాని పసరు దూదికి అంటుకుంటుంది, ఆ బాధ లేదు.

ఇంతకీ యంత్రం రాలేదు. నేల మెత్తగా ఉందని ఒకసారి, వేరే జిల్లాలో ఉందని ఒకసారి చెప్పారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆకు రాల్చిన చేలో ఆడవాళ్లే చేత్తో తీశారు, ఆకు అడ్డం లేదు కాబట్టి రోజుకి మనిషి మామూలుకంటే ఎక్కువే తీసింది. పెద్దామె మాత్రం, నీడ లేదు, ఎండిన కాయ డొప్పలు చేతులకి గీసుకుంటున్నాయని సాయంత్రం దాకా గొణుగుతూనే ఉంది. నిజమే, చేతులు చూపించింది, గీతలు గీతలు.

మార్కులు అడుగుతారు కాబట్టి: ఆపే సీసాకి 5కి 3.5. సరిగ్గా కొలిస్తే ఎకరానికి అరవై రూపాయలు కూడా పడదు, ఆ డబ్బుకి ఇది చేసే పని తక్కువేం కాదు. లేబుల్ అక్షరాలకి ఒక మార్కు తీశా, మిగతా అర మార్కు మూతకి కొలత గీత పెట్టనందుకు. కంపెనీ ఏదైనా సరే, కొలిచే మూత ఇవ్వడానికి రూపాయి అవుతుందా? షాపు సలహాకి సున్నా. రాల్చే మందుకి 4, డ్రోన్‌కి 2. అదే మందు ఎకరానికి నూట యాభై లీటర్ల నీళ్లతో తైవాన్ పంపు పెట్టి కింది కొమ్మల దాకా కొట్టి ఉంటే కథ వేరేగా ఉండేదని నా నమ్మకం. కూలీలతో చేత్తో తీయించే నాలాంటి వాడికి అది అవసరమా అంటే, తేమ కోత తప్పింది తప్ప ఖర్చుకి సరిపోయేంత కనబడలేదు, ఈసారి నా డబ్బులతో అయితే కొట్టించను.

సీసాలో ఇంకో ఇరవై మి.లీ. మిగిలింది. మూత తీసి పారేసి, బిరడా బిగించి, పశువుల సిరంజిని దారంతో సీసా మెడకే కట్టేశా. దాని మీద మార్కర్‌తో పెద్దగా "ట్యాంకుకి 3.5" అని రాశా. మొన్న మామ వచ్చి అదే అడిగి పట్టుకెళ్లాడు, సీసా కాదు, సిరంజి.